ఆరో కాలు

పాత పరుపుల్ని విప్పి, దూది ఏకి, మళ్ళీ కొత్తవాటిలా కుట్టి అమ్మే ఆ దుకాణంలో కొత్తగా చేరినవాళ్ళకి ముందు నేర్పేది కుట్టడం కాదు, తట్టడం. కుట్టుపని అయ్యాక పరుపు అంచు పట్టుకుని, జేనకొకచోట రెండు వేళ్ళతో నొక్కి చూసి, మడిచిన వేలి కణుపుతో రెండుసార్లు తట్టాలి. టప్ టప్. లోపల విరిగిన దబ్బనం ముక్క ఏదైనా ఉండిపోతే అప్పుడు చేతికి తగులుతుంది. పెద్ద పరుపుకి చుట్టూ తిరిగొచ్చేసరికి ముప్పై మూడు చోట్లు తట్టినట్టు లెక్క.

పదేళ్ళుగా అక్కడ కుడుతున్న ఒకావిడ ఉంది. ఆవిణ్ణి అందరూ టార్చమ్మ అంటారు. నడుముకి ఎప్పుడూ బొటనవేలంత టార్చి వేలాడదీసుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. పరుపు ఎవరు కుట్టినా చివర ఈవిడ టార్చి వేసి చూడందే బయటికి వెళ్ళదు. యజమానికి అది నచ్చేది. "మా దగ్గర నల్లి కాదు కదా, నల్లి గుడ్డు కూడా దొరకదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. దుకాణానికి అది గొప్ప. ఇంటికొచ్చేసరికి అదే రోగం.

ఆ రోగానికి ఓ కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట, కూతురికి మూడేళ్ళప్పుడు, నిద్రలో దాని చెవిలోకి బొద్దింక దూరింది. పిల్ల పెట్టిన కేకకి వీధి వీధంతా లేచింది. ఆసుపత్రిలో గోరువెచ్చని నూనె పోసి, సన్నటి పటకారుతో ముక్కలు ముక్కలుగా బయటికి తీశారు. ముందు మీసం వచ్చింది. తర్వాత సగం రెక్క. తర్వాత నలిగి, తెల్లటి జిగురు కారుతున్న పొట్ట. అన్నీ ఓ పళ్ళెంలో వరసగా పెట్టారు. టార్చమ్మ వాంతి దిగమింగుకుంటూ లెక్కపెట్టింది. కాళ్ళు ఐదే ఉన్నాయి.

"బొద్దింకకి ఆరు కదండీ!" అంది.

"ఆరోది ఎక్కడో రాలిపోయి ఉంటుందమ్మా. లోపలున్నా దానంతటదే వచ్చేస్తుంది" అన్నాడు డాక్టరు.

రాలేదు. నాలుగేళ్ళు ఎదురుచూసింది, రానే లేదు.

అప్పట్నుంచి మొదలయింది. రాత్రి పడుకునే ముందు మంచం మీది పరుపు చుట్టూ ముప్పై మూడు తట్లు. దిండ్లు రెండు, అవి విదిలించి తడితే ముప్పై అయిదు. మంచం కోళ్ళు నాలుగు, ముప్పై తొమ్మిది. ఆఖరున కూతురి కుడి చెవి, నలభై. ఎడమ చెవి, నలభై ఒకటి. చెవిలో టార్చి వేసి చూసి, చెవి వెనకాల మెల్లగా రెండుసార్లు తట్టేది. అక్కడికి అయిపోవాలి. కానీ పడుకున్న అయిదు నిమిషాలకి మళ్ళీ అనుమానం. నలభై ఒకటి సరిగ్గా చూశానా? లేచి మళ్ళీ ఒకటి నుంచి. పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందని ఊరికే అనలేదు. భయానికి ఒక్క రాత్రి చోటిచ్చింది, అది ఇల్లంతా ఆక్రమించేసింది.

మొగుడు రొట్టెల కార్ఖానాలో రాత్రి పని చేస్తాడు. పదింటికి వెళ్తే తెల్లారి అయిదింటికి రావడం. అందుకని చాన్నాళ్ళు అతనికి తెలియలేదు. బడిలో టీచరు కబురు పెట్టాక తెలిసింది. పిల్లని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు, పిచ్చుకలా ఒక చోట నిలవదు కనక. ఆ పిచ్చుక బడిలో బల్ల మీద తలపెట్టి నిద్రపోతోందట. లేపితే కళ్ళు తెరవకుండానే తల పక్కకి వంచి, చెవి చూపిస్తోందట.

అతని అక్క ఆ మాట విని నిప్పులు తొక్కుకుంటూ వచ్చింది. పిల్ల బట్టలు సంచిలో సర్దింది.

"నీ మీద కోపం కాదమ్మాయ్. నీ జబ్బు మీద. అది తగ్గాక నీ పిల్లని నీకు నేనే తెచ్చి అప్పజెబుతాను. అందాకా నా దగ్గరుంటుంది" అంది.

 టార్చమ్మ కుక్కిన పేనులా గోడవార నిలబడింది. ఎందుకంటే వదిన చెప్పింది నిజం, ఆ సంగతి తనకీ తెలుసు. ఆ రాత్రి పిల్ల లేని మంచం చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగింది. నలభై, నలభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి తట్టడానికి చెవులు లేవు. ఖాళీ దిండు మీద తట్టి, దాని మీదే పడి ఏడ్చింది.

మర్నాడు తనంతట తనే ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ మంచిది. నవ్వలేదు, కసరలేదు.

"ఇది దురదలాంటిదమ్మా" అంది. "గోకితే రేగుతుంది. గోకకుండా పావుగంట ఓర్చుకో, దానంతటదే చల్లారుతుంది. వారానికి కొన్ని చొప్పున మానేస్తూ రా."

టార్చమ్మ మానేస్తూ వచ్చింది. మంచం కోళ్ళు మానేసింది. దిండ్లు మానేసింది. పరుపు అంచుకి ముప్పై మూడు కాస్తా పది అయ్యాయి, పది ఒకటయింది. ఒక్కో పావుగంటా ఒక్కో యుగం. వీపు కింద ఏదో పాకుతున్నట్టు, చంకలో ఏదో గుడ్లు పెడుతున్నట్టు ఉండేది. పళ్ళు బిగబట్టి పడుకునేది. పిల్ల మొహం తలుచుకునేది.

అయిదో వారం డాక్టరమ్మ, "ఇక దుకాణంలో కూడా ఒక పరుపుని మళ్ళీ మళ్ళీ చూడకుండా వదిలెయ్యి" అంది. ఆవిడ ఉద్దేశం, ఒకసారి చూశాక రెండోసారి చూడకు అని. కానీ మన టార్చమ్మది ఏదైనా అతే కదా. చూడొద్దన్నారు కాబట్టి అసలు విప్పకుండానే కుట్టేద్దామనుకుంది. ఆ దుకాణంలో అంతకు మించిన తప్పు లేదు. పాత గలీబు మీద కొత్త గలీబు తొడగడమంటే, స్నానం చెయ్యకుండా పట్టుబట్ట కట్టుకోవడమే. దూది ఏకే తాత ఆ రోజు జ్వరమని రాలేదు. యజమాని బయటికి వెళ్ళాడు. బండిలో వచ్చిన గుట్టలోంచి చేతికందిన పరుపు లాగింది. మొహం గోడవైపు తిప్పుకుని, వేళ్ళతో తడుముకుంటూ కొత్త గలీబు తొడిగి కుట్టేసింది. కంగారులో దబ్బనం బొటనవేలిలో దిగింది. గుడ్డపీలిక చుట్టుకుంది. గుడ్డ మీద దారం జారుతుంటే, మామూలుగా మూడు చుట్లు వేసే ముడికి నాలుగో చుట్టు కూడా వేసింది.

తట్టలేదు. టార్చి వెయ్యలేదు. పావుగంట కాదు, సాయంత్రం దాకా ఓర్చుకుంది. అంత గర్వం పెళ్ళినాడు కూడా పడలేదు.

ఇక్కడే ఇంకొకావిడ సంగతి చెప్పాలి. ఏడాదికోసారి దుకాణానికి ఓ ముసలావిడ వచ్చేది. టపటప మామ్మ అనేవాళ్ళు. తన పరుపు తన కళ్ళముందే విప్పించి, ముక్కాలిపీట మీద కూర్చుని, కుట్టాక తనే వంగి చుట్టూ తట్టుకుంటూ తిరిగేది. రెండు చెవుల్లోనూ ఎప్పుడూ దూది ఉండేది. అందరూ నవ్వేవాళ్ళు. టార్చమ్మ మాత్రం నవ్వేది కాదు. ఒకసారి మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "నువ్వొక్కదానివే నాలాంటి దానివి. నేను పోయాక దీన్ని విప్పకుండా ఎవరికీ ఇవ్వకు. మాటివ్వు" అంది. ముసలి చేతులు, ఎండుటాకుల్లా గరగరలాడాయి. "అలాగే మామ్మా" అంది టార్చమ్మ. అని, మర్చిపోయింది.

మూడు నెలలు నిండాయి. వదిన మాట మీద నిలబడే మనిషి. పిచ్చుకని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల గుమ్మంలోనే సంచి పడేసి, పరుగెత్తుకొచ్చి తల్లి పొట్టలో తల దూర్చింది. టార్చమ్మ చేతులు అలవాటు కొద్దీ పిల్ల చెవుల దాకా వెళ్ళి ఆగిపోయాయి. వదిన అది చూసింది. చూడనట్టు ఊరుకుంది.

పిల్ల చెవుల్లో రెండు చిన్న దూది ఉండలున్నాయి. నీలం రంగువి. "ఇంటికొచ్చిన మొదటి వారం, భయం లేకుండా పెట్టుకోనివ్వమంది డాక్టరమ్మ" అంది వదిన. "తెల్లగా ఉంటే బడిలో రోగిష్టిదంటున్నారట. అందుకని స్కెచ్ పెన్నుతో రంగేసుకుంది."

ఆ సాయంత్రమే యజమాని ఓ పరుపు పంపించాడు. పిల్ల తిరిగొచ్చిందని కానుక. "మీ చేతి కుట్టే! చూసి మరీ ఏరాను" అని బండివాడితో కబురు. మొగుడే దాన్ని మంచం మీద పరిచాడు, దుప్పటి అంచులు కిందికి దోపాడు. టార్చమ్మ ముట్టుకోలేదు. ముట్టుకోకపోవడమే కదా పందెం.

పదింటికి మొగుడు పనికి బయలుదేరుతూ చెయ్యి చాచాడు. ఆవిడ నడుము నుంచి టార్చి విప్పి ఇచ్చింది.

వదిన ముందుగదిలో చాప వేసుకుంది. పడుకునే ముందు తలుపు దగ్గరికి వచ్చి, మెల్లగానే చెప్పింది. "అమ్మాయ్, ఈ ఒక్క రాత్రి. నీ గదిలో లైటు వెలిగిందంటే తలుపు కింది సందులోంచి నాకు కనిపిస్తుంది. వెలిగితే మాత్రం తెల్లారేసరికి పిల్ల మళ్ళీ నా ఇంట్లో ఉంటుంది. నాకేం సరదా కాదు ఇది."

"వెలగదు వదినా" అంది టార్చమ్మ.

లైటు ఆరింది.

చీకటి మొదట నల్లగా ఉండి, తర్వాత బూడిదరంగుకి తిరిగి, మళ్ళీ నల్లబడింది. పిచ్చుక తల్లి మెడ కింద మొహం పెట్టుకుని రెండు నిమిషాల్లో నిద్రపోయింది. పిల్ల ఊపిరికి పాల వాసన. కిటికీ అవతల వీధిలో ఎవరిదో సైకిలు వెళ్ళింది. పక్కింటి కుళాయి నుంచి నీటి బొట్లు పడుతున్నాయి. కొత్త గలీబు గంజి వాసన వేస్తోంది. టార్చమ్మ కళ్ళు మూసుకుని ఓర్చుకోవడం మొదలుపెట్టింది.

మొదటి పావుగంట గడిచింది. రెండోది గడిచింది. ఆశ్చర్యం, కళ్ళు మూతలు పడుతున్నాయి. 'గెలిచేశాను' అనుకుంది. లోపల ఎక్కడో నవ్వుకుంది కూడా.

అప్పుడు గంజి వాసన కింద నుంచి ఇంకో వాసన వచ్చింది. కుళ్ళిన కొత్తిమీర లాంటి వాసన. పరుపుల పని చేసేవాళ్ళకి అది వేరే చెప్పక్కర్లేదు. నల్లుల వాసన. ఒకటీ రెండూ కాదు... గుప్పెళ్ళకొద్దీ నలిపితే వచ్చే వాసన. దాని వెనకాలే తియ్యగా, జిగటగా మరొకటి. ముసలి వొంటి వాసన. ఎన్నాళ్ళుగానో విప్పని పక్కది.

కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.  'దురద ఇది. దురదే. పావుగంట' అనుకుంది.

టప్ టప్.

కాళ్ళ దగ్గర్నుంచి.

టార్చమ్మ ఊపిరి బిగబట్టింది. కుళాయి కాబోలు అనుకుంది. మంచం చెక్కలో పురుగు కాబోలు అనుకుంది.

టప్ టప్. ఇందాకటి చోటికి సరిగ్గా జేనెడు ఇవతల.

ముందు పరుపు అంచు నొక్కుకుంటోంది. తర్వాత రెండుసార్లు కదులుతోంది. నొక్కడం... తట్టడం. నొక్కడం... తట్టడం. పద్ధతి తప్పకుండా, తొందర లేకుండా. ఎవరో మంచం చుట్టూ వంగి నడుస్తున్నారు. అడుగుల చప్పుడు లేదు. బట్ట నేలకి రాసుకుంటున్న చప్పుడు మాత్రం ఉంది.

పిల్లేనేమో! నా జబ్బు దానికి అంటుకుందేమో! టార్చమ్మ గుండె చెరువయింది. "పడుకో తల్లీ" అని గుసగుసగా అంది. చెయ్యి చాపింది.

పిల్ల పక్కనే ఉంది. వెచ్చగా, గాఢంగా నిద్రపోతూ.

టప్ టప్.

ఎంత వద్దనుకున్నా మనసు లెక్కపెట్టేస్తోంది. పన్నెండు... పదమూడు... పద్నాలుగు. తల దగ్గర మూలకి వచ్చింది. తన తలకి మూరెడు దూరంలో అంచు నొక్కుకుంది. తట్లు తన దవడ ఎముకలో వినబడ్డాయి. ఏదో చిన్నది, చదునుగా ఉన్నది, మెడ మీద రాలింది. ఆగింది. దారి వెతుక్కుంటూ జుట్టులోకి పాకింది. ఛీ... దాన్ని దులపడానికి చెయ్యెత్తబోయి, ఆపుకుని, పరుపు అంచుని గట్టిగా పట్టుకుంది. వేళ్ళకి మూల మీది ముడి తగిలింది.

తన ముడే. చీకట్లోనైనా పోల్చుకుంటుంది. ఒక చుట్టు... రెండు... మూడు...

నాలుగు.

విప్పని పరుపు.

 తాము పడుకున్న ఈ తెల్లటి గలీబు కింద ఇంకో గలీబు ఉంది. దాని లోపల ఏముందో ఎవరూ చూడలేదు. కూతుర్ని తెచ్చి దాని మీదే పడుకోబెట్టుకుంది. ఆ సంగతి తెలిశాక వీపు కింద దూది మెల్లగా కదిలింది. అన్నం ఉడుకుతున్నట్టు... కింద నుంచి చిన్న చిన్నగా పైకి లేస్తూ.

ముప్పై ఒకటి... ముప్పై రెండు... ముప్పై మూడు.

ఆగింది.

టార్చమ్మకి తెలుసు, ఆ తర్వాత ఏముందో. తన లెక్క తనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

తల కింద దిండు ఓ అంగుళం లేచింది. మళ్ళీ దిగింది. టప్ టప్. పిల్ల దిండు లేచింది. దిగింది. టప్ టప్. ముప్పై అయిదు. మంచం కింద బట్ట ఈడ్చుకున్న చప్పుడు. ఒక కోడు... రెండో కోడు... మూడు... నాలుగు.

ముప్పై తొమ్మిది.

టార్చమ్మ పిల్లని మీదికి లాక్కుంది. రెండు చేతులతో పిల్ల రెండు చెవులూ మూసేసింది. ఆ పైన మొహం ఆనించింది. 'రావద్దు... రావద్దు... మామ్మా, రావద్దు' అనుకుంది. మామ్మ అని ఎందుకొచ్చిందో తనకే తెలియదు.

చేతి మీద వేళ్ళు పడ్డాయి.

ఎండుటాకుల్లా గరగరమంటున్నాయి. చర్మం కింద ఎముకకి బదులు ఏవేవో కదులుతున్నాయి. ఆ వేళ్ళు తొందరపడలేదు. టార్చమ్మ చిటికెనవేలు పట్టుకుని పైకెత్తాయి. తర్వాత ఉంగరం వేలు. గోళ్ళ సందుల్లోంచి మెత్తటివి, గుండ్రటివి రాలి, ఆవిడ మణికట్టు మీద నుంచి రవికె చేతిలోకి పాకాయి. ఒకటి ముంజేతి కింద నలిగింది. వెచ్చగా, తడిగా చిట్లింది. ఆ వాసన గొంతు దాకా దిగింది.

ఆవిడ నోట్లోంచి కేకలాంటిది వచ్చింది. పళ్ళ మధ్యే నలిగిపోయింది.

ముందుగదిలో చాప కిర్రుమంది. "అమ్మాయ్! ఏంటది? లైటు వెయ్యనా?" వదిన గొంతు. నిద్రమత్తులో, మెత్తగా.

వేళ్ళు ఆగాయి.

ఎవరో కావాలని ఆగారు. నువ్వే చెప్పు అన్నట్టు.

ఒక్క మాట. వెయ్యి వదినా, అంటే చాలు. వెలుగు వస్తుంది. వెలుగులో పరుపు తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. గదిలో ఎవరూ ఉండరు. అలాంటివి వెలుగులో ఎప్పుడూ ఉండవు కదా. పిల్ల కళ్ళు నులుముకుంటూ లేస్తుంది. తెల్లారేసరికి సంచి సర్దుతారు. ఈసారి మూడు నెలలు కాదు.

"ఏం లేదు వదినా" అంది టార్చమ్మ. గొంతు వణకలేదు. అంత బాగా ఎలా అనగలిగిందో. "దోమ."

"మంచిది. పడుకో."

చాప సర్దుకుంది. వేళ్ళు మళ్ళీ మొదలుపెట్టాయి. నడిమివేలు, చూపుడువేలు లేపాయి. బొటనవేలు లేపాయి. టార్చమ్మ బలమంతా పెట్టింది. పరుపులు మోసిన చేతులు, పనికిరాలేదు.

చీకట్లో పిచ్చుక కదిలింది. నిద్రలోనే, అలవాటు ప్రకారం, తల పక్కకి వంచి చెవి చూపించింది.

"త్వరగా చూడమ్మా... నిద్రొస్తోంది" అని గొణిగింది.

టప్ టప్. నలభై.

పిల్ల అటు తిరిగింది.

టప్ టప్. నలభై ఒకటి.

ఆ తర్వాత ఏం చప్పుడూ లేదు. వాసన మెల్లగా తగ్గింది. పిల్ల ఊపిరి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మామూలుగా ఆడింది. టార్చమ్మ కొయ్యబారి పడుకుంది. ఎప్పుడు స్పృహ తప్పిందో, ఎప్పుడు నిద్రయిందో తెలియదు.

తెల్లారింది. దుప్పటి మల్లెపువ్వులా ఉంది. చేతుల మీద మచ్చ లేదు. వదిన తలుపు తీసుకుని లోపలికొచ్చి ఆవిణ్ణి గట్టిగా కావలించుకుంది. "గెలిచావమ్మాయ్! నేను రాత్రంతా ఆ సందు వంకే చూస్తూ పడుకున్నాను. ఒక్కసారి కూడా వెలగలేదు. నన్ను తిట్టుకోకు" అని కళ్ళు ఒత్తుకుంది. మొగుడు వేడి రొట్టె తెచ్చాడు. పిల్ల రెండు ముక్కలు తిని, ఎగురుకుంటూ బడికి పోయింది. జుట్టు చెవుల మీదికి పడి ఉంది. టార్చమ్మ జుట్టు తప్పించి చూడలేదు. మొగుడూ వదినా తననే చూస్తున్నారు మరి. ఎలా చూస్తుంది?

పిల్ల వెళ్ళాక, పరుపు గట్టిగా ఉందని చెప్పి, దాన్ని బండిలో వేయించుకుని దుకాణానికి తీసుకుపోయింది. దూది ఏకే తాత దాన్ని కిందికి దింపుతూనే ముక్కు చిట్లించాడు.

"ఇది విప్పిన పరుపు కాదే! ఎవరు కుట్టారు?"

"నేనే తాతా." దాచలేదు. అంతా చెప్పింది, రాత్రి సంగతి తప్ప.

తాత మొహం పాలిపోయింది. "నాకు జ్వరమొచ్చిన వారం కదూ? ఆ గుట్టలో టపటప మామ్మ పరుపు కూడా వచ్చిందట. నేను వచ్చి ఎంత వెతికినా కనబడలేదు. ఎవరో పారేశారనుకున్నాను. మామ్మ పోయింది తెలుసా? పక్క మీదే పోయింది. మూడో రోజుకి గానీ ఎవరూ చూడలేదట. అప్పటికి చెవుల్లో దూది బయటికి తోసుకుంటూ..." అని, ఆపేశాడు. "నీకెందుకులే."

టార్చమ్మ మూల తిప్పి ముడి చూసింది. నాలుగు చుట్లు. మీద దారం చెక్కుచెదరలేదు. అంచు చుట్టూ తన కుట్టే, తన దూరమే. ఎక్కడా ఊడలేదు, చిరగలేదు. దారం తెంపింది. తెల్ల గలీబు కింద నీలి చారల గలీబు బయటపడింది. ముక్కాలిపీట మీద కూర్చుని ఆ చారల మీద వంగిన నడుము గుర్తొచ్చింది.

తాత కత్తెర పెట్టి చారల గలీబు చీరాడు. ఇద్దరూ ఒక్కసారిగా వెనక్కి తగ్గారు.

నల్లులు లేవు. ఒక్కటి కూడా బతికి లేదు. లోపల ఉన్నది దూది ఉండలు. చెవిలో పెట్టుకునేంతవి. వందలు, వేలు. ఎన్నేళ్ళవో. ఒక్కొక్కటీ గోధుమరంగుకి తిరిగి, గులిమితో అట్టగట్టి, ఎండి ఉంది. ఒక్కొక్కదానిలో ఏదో ఓ ముక్క అతుక్కుని ఉంది. రెక్క ముక్క, మీసం ముక్క, చితికిన పొట్ట. ముసలావిడ రోజూ తీసినవి పారెయ్యకుండా ఎక్కడో దాచి, ఆఖరిసారి విప్పించి కుట్టించాక గలీబు సందులోంచి లోపలికి దోపినట్టుంది. తాత పక్కకి పోయి భళ్ళున కక్కాడు.

టార్చమ్మ కక్కలేదు. అన్నిటికన్నా పైన రెండు ఉండలున్నాయి. మిగతావాటికన్నా చిన్నవి. ఇంకా తడి ఆరలేదు.

నీలం రంగువి.

వేళ్ళతో ఒకదాన్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. దాని చివర సన్నటి, ఎర్రటి పుల్లలాంటిదేదో అతుక్కుని ఉంది. ముళ్ళు ముళ్ళుగా ఉంది. ఎండిపోయింది. నాలుగేళ్ళ కిందట పళ్ళెంలో ఇలాంటివి ఐదు చూసింది. ఇది ఆరోది.

 మొదట ఆవిడకి ఏడుపొచ్చింది. భయంతో కాదు. 'మామ్మా, నా పిల్ల కోసమేనా వచ్చావు? వెతికిపెట్టి వెళ్ళావా?' అనుకుంది. నాలుగేళ్ళ బరువు దిగినట్టయింది. ఇక చూడక్కర్లేదు. ఇక లెక్కపెట్టక్కర్లేదు.

ఆ రోజు శనివారం, బడి ఒంటిపూటే. పిచ్చుక పుస్తకాల సంచి ఊపుకుంటూ దుకాణంలోకి వచ్చింది. ఎప్పుడూ గెంతే పిల్ల, నెమ్మదిగా నడిచొచ్చింది. గుమ్మం పక్కనున్న పరుపు అంచు మీద వేళ్ళు పెట్టి, నొక్కి చూసి, రెండుసార్లు తట్టింది.

"అదేంటే?" అంది టార్చమ్మ.

"చెప్పింది చేస్తున్నాను."

"ఎవరు చెప్పారు?"

పిల్ల ఇంకో జేనెడు జరిగి మళ్ళీ తట్టింది. టార్చమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, మూడు నెలల తర్వాత మొదటిసారి, కూతురి చెవి మీది జుట్టు తప్పించింది. తాత కౌంటరు మీది టార్చి తీసి చేతికిచ్చాడు. ఆవిడ బొటనవేలు మీట మీద పెట్టింది.

"నువ్వు చూడక్కర్లేదమ్మా" అంది పిచ్చుక. జాలిగా అంది. "ఆవిడ వెళ్ళిపోలేదు. నలభై ఒకటి అయ్యాక, ఇంకా ఒక చోటు మిగిలిందని లోపలికి వచ్చింది. లోపలి నుంచే చూసుకుంటానంది."

అని, నమ్మడం లేదా అన్నట్టు, తన చెవి వెనకాల వేలి కణుపుతో రెండుసార్లు తట్టుకుంది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

లోపలి నుంచి బదులొచ్చింది. టప్ టప్.